రాత్రిపూట పదేపదే మూత్రం: వయసు ఒక్కటే కారణమా?

ఇంట్లోని పెద్దలు రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేస్తుంటే ‘వయసు మీద పడింది, అంతే’ అని సరిపెట్టుకుంటాం. లేచేవారు కూడా అలాగే అనుకుంటారు. ఇతరులతో చెప్పుకోవడానికి బిడియపడతారు. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు మోకాళ్ళ నొప్పి చెబుతారు, కడుపుబ్బరం చెబుతారు, నీరసం చెబుతారు. ఆ నీరసానికి మూలమైన నిద్రలేమిని, ఆ నిద్రలేమికి మూలమైన మూత్రాన్ని మాత్రం దాచిపెడతారు. కొందరు తమ వైద్యం తామే నిర్ణయించుకుని పగలంతా నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. రాత్రి లేవడం మాత్రం తగ్గదు.

రాత్రి మూత్రానికి మూత్రాశయమే కారణం కావాలన్న నియమం లేదు. రక్తంలోని చక్కెర, గుండె, మూత్రపిండాలు, కాళ్ళలో చేరిన నీరు, నిద్రలో తడబడే శ్వాస, వీటిలో ఏదో ఒకటి ఈ రూపంలో కబురు పంపుతూ ఉండవచ్చు. ఆ కబురు ఎక్కడి నుంచి వస్తున్నదో కొంతవరకు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అందుకు ఒక కొలపాత్ర, ఒక చిన్న నోటు పుస్తకం, మూడు రోజుల ఓపిక చాలు.

ఎన్నిసార్లు లేస్తే ఆలోచించాలి?

ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి రోజు మొత్తంలో సుమారు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల మూత్రం వస్తుంది. మూత్రాశయంలో 300 నుంచి 500 మి.లీ. వరకు నిలువ ఉండగలదు. రాత్రివేళ మెదడు నుంచి ఒక హార్మోను ఎక్కువగా విడుదలై, నీటిని పొదుపు చేయమని మూత్రపిండాలకు చెబుతుంది. అందువల్లనే మనం ఆరేడు గంటలు ఏకధాటిగా నిద్రపోగలుగుతున్నాం. వయసు పెరిగేకొద్దీ రాత్రివేళ ఈ హార్మోను పెరుగుదల మందగిస్తుంది. కనుక అరవై దాటినవారు రాత్రి ఒకసారి లేవడం సాధారణమే.

అయితే ప్రతి రాత్రీ రెండు లేక అంతకంటే ఎక్కువసార్లు లేవవలసి వస్తూ, అది వారాల తరబడి సాగుతుంటే వయసు ఎంతయినా కారణం వెదకాలి. ముప్పై, నలభై ఏళ్ళవారి విషయంలో వయసును నిందించే అవకాశమే లేదు. అంతవరకు లేని అలవాటు కొత్తగా మొదలైనా అశ్రద్ధ చేయరాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. మూత్రం వల్ల మెలకువ వచ్చిందా, లేక మెలకువ వచ్చింది గనుక మూత్రానికి వెళ్ళారా? కీళ్ళనొప్పి, దగ్గు, ఆందోళన, దోమలు, ఉక్కపోత వల్ల నిద్ర చెదిరినవారు ‘లేచాం కదా’ అని వెళ్ళివస్తారు. వారికి కావలసింది నిద్రకు చికిత్స. అలాగే తహజ్జుద్ కోసం లేచినవారు ఒకసారి మూత్రానికి వెళ్ళడం జబ్బు కాదు.

మూడు రోజుల పుస్తకం

వైద్యుని వద్దకు వెళ్ళేముందు వరుసగా మూడు రోజులు ఈ లెక్క రాయండి. గీతలున్న ఒక ప్లాస్టిక్ కొలపాత్రను ఇందుకోసం వేరుగా కేటాయించండి. మూత్రం విసర్జించిన ప్రతిసారీ సమయం, పరిమాణం రాయాలి. ఏమి తాగారో, ఎంత తాగారో, ఎప్పుడు తాగారో పక్కన రాయాలి. పడుకున్న సమయం, లేచిన సమయం గుర్తించాలి. వేసుకునే మాత్రల పేర్లు, వేళలు కూడా చేర్చాలి.

లెక్క వేసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పడుకోబోయేముందు చేసిన మూత్రం పగటి లెక్కలోకి వస్తుంది. ఉదయం నిద్ర లేవగానే చేసిన మొదటి మూత్రం రాత్రి లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే అది రాత్రంతా తయారైనదే. ఉదాహరణకు రాత్రి 10 గంటలకు పడుకున్న ఒక పెద్దాయన 12:30కి 350 మి.లీ., 3 గంటలకు 300 మి.లీ., ఫజ్ర్‌కు లేవగానే 350 మి.లీ. విసర్జించారనుకుందాం. రాత్రి మొత్తం 1,000 మి.లీ. పగలంతా కలిపి 800 మి.లీ. వచ్చింది. అంటే రోజు మొత్తం 1,800 మి.లీ.లో సగానికి పైగా రాత్రే వచ్చింది. పెద్ద వయసువారిలో రాత్రి వాటా మూడింట ఒక వంతు దాటితే ఎక్కువన్నట్లే.

ఈ పుస్తకం మూడు దారులు చూపుతుంది. రోజు మొత్తం మీద మూత్రం సుమారు 3 లీటర్లు దాటుతున్నదా? పగలు మామూలుగానే ఉండి రాత్రి మాత్రమే ఎక్కువగా వస్తున్నదా? లేక మొత్తం మామూలుగానే ఉన్నా ప్రతిసారీ కొద్దికొద్దిగా, పలుమార్లు వస్తున్నదా? ఒకే మనిషిలో రెండు కారణాలు కలసి ఉండటమూ ఉంది. అయినా మొదట ఏ దిక్కుగా వెదకాలో ఇది చెబుతుంది.

పగలూ రాత్రీ ఎక్కువగా వస్తుంటే

మొదట చూడవలసింది మధుమేహం. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మి.గ్రా. దాటితే మూత్రపిండాలు దానిని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. మిగిలినది మూత్రంలోకి జారుతూ తనతో నీటిని లాక్కుపోతుంది. మనిషికి దాహం పెరుగుతుంది, తాగిన నీరు మళ్ళీ మూత్రంగా పోతుంది. మూత్రం పోసినచోట చీమలు పడుతున్నాయని పెద్దలు చెప్పడం దీనివల్లనే. అయితే చీమలు పట్టేదాకా ఎదురుచూడనవసరం లేదు. పరగడుపున రక్తపరీక్షలో చక్కెర 126 మి.గ్రా. లేక అంతకు మించినా, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేక అంతకు మించినా మధుమేహంగా భావిస్తారు. సాధారణంగా మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. ఇప్పటికే షుగరు ఉన్నవారు రాత్రి ఎక్కువసార్లు లేస్తున్నారంటే చక్కెర అదుపు తప్పిందేమో చూసుకోవాలి.

షుగరుకు వాడే మాత్రలలో కొన్ని, ఉదాహరణకు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపడం ద్వారానే పనిచేస్తాయి. వాటివల్ల మూత్రం పెరగవచ్చు. ఇవి గుండెకు, మూత్రపిండాలకు కూడా మేలు చేసే మందులు కనుక సొంతంగా ఆపరాదు, వైద్యునితో మాట్లాడాలి.

రెండవది మూత్రపిండాల బలహీనత. జబ్బుపడిన మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేవు, రాత్రి కూడా పలుచని మూత్రాన్నే తయారు చేస్తాయి. నొప్పి తెలియకుండా ముదిరే జబ్బు ఇది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కారణం పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో తెలుగువారికి తెలియనిది కాదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, మందుల దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగేవారు క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. ఇవి చిన్న పట్టణాల ల్యాబులలో కూడా దొరికే పరీక్షలే.

రాత్రి మాత్రమే ఎక్కువగా వస్తుంటే

సాయంత్రం కాలి మడమ పైభాగాన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి చూడండి. గుంట పడి నెమ్మదిగా పూడుకుంటే అక్కడ నీరు చేరినట్లు. పగలంతా నిలబడి, కూర్చుని ఉన్నప్పుడు కాళ్ళలోకి దిగిన ఈ నీరు, మనిషి పడుకోగానే తిరిగి రక్తంలో కలుస్తుంది. మూత్రపిండాలు దానిని రాత్రంతా బయటకు పంపుతూ ఉంటాయి. దుకాణంలో నిలబడేవారిలో, రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునేవారిలో, కాళ్ళలో నరాలు ఉబ్బినవారిలో ఇది కనిపిస్తుంది. మధ్యాహ్నంగానీ సాయంత్రంగానీ ఒక గంట సేపు దిండ్ల మీద కాళ్ళు ఎత్తి పడుకుంటే ఆ నీరు నిద్రకు ముందే దిగిపోతుంది. అసర్ తరువాత కొంచెం నడవడమూ మేలు చేస్తుంది.

కాళ్ళవాపుతోపాటు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, రెండు మూడు దిండ్లు ఉంటేగానీ నిద్ర పట్టకపోవడం ఉంటే గుండెను పరీక్షించాలి. రక్తపోటుకు వాడే అమ్లోడిపిన్ వంటి మాత్రలు కొందరిలో కాళ్ళవాపు తెస్తాయి. ఒంట్లో నీరు పోయేందుకు ఇచ్చే మాత్రలను రాత్రి వేసుకుంటే రాత్రంతా లేవవలసిందే. ఆ మాత్ర వేళను ఉదయానికో మధ్యాహ్నానికో మార్చవచ్చునేమో వైద్యుని అడగండి. కొందరికి ఆ ఒక్క మార్పుతోనే నిద్ర దక్కుతుంది.

ఉప్పు సంగతి మన వంటిళ్ళలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎక్కువ ఉప్పు తిన్నవారి శరీరం పగలు నీటిని పట్టి ఉంచి, రాత్రి వదిలించుకుంటుంది. 2017లో జపాన్‌లోని నాగసాకి విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించిన ఒక అధ్యయనంలో, రోజుకు సగటున 10.7 గ్రాముల ఉప్పు తినేవారు దానిని 8 గ్రాములకు తగ్గించినప్పుడు రాత్రి లేవడం సగటున 2.3 సార్ల నుంచి 1.4కు తగ్గింది. ఉప్పు పెంచినవారిలో లేవడమూ పెరిగింది. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు, మిక్చరు, బేకరీ బిస్కట్లలోని ఉప్పు కూడా ఈ చెంచాలోనే లెక్క. ముఖ్యంగా రాత్రి భోజనంలో వీటిని తప్పించాలి.

ఇక గురక. బిగ్గరగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఒక్కసారిగా ఉలిక్కిపడి గాలి పీల్చుకునేవారికి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండవచ్చు. మూసుకుపోయిన గొంతుకు ఎదురుగా ఊపిరి తీసుకోవడానికి ప్రయాసపడినప్పుడు గుండె మీద ఒత్తిడి పడుతుంది. ‘నీరు ఎక్కువైంది’ అని పొరబడిన గుండె, మూత్రాన్ని పెంచే హార్మోనును విడుదల చేస్తుంది. రోగి తాను మూత్రం కోసమే లేచాననుకుంటాడు. అసలు సంగతి పక్కన పడుకున్న భార్యకో భర్తకో తెలుస్తుంది. పగలు కూర్చున్నచోటే కునుకు, ఉదయం తలనొప్పి, స్థూలకాయం తోడైతే నిద్ర పరీక్ష చేయించాలి. బరువు తగ్గడం, అవసరమైతే గాలి యంత్రం వాడటం వల్ల శ్వాసతోపాటు మూత్రమూ కుదుటపడుతుంది.

కొద్దికొద్దిగా, పలుమార్లు వస్తుంటే

యాభై దాటిన పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం సాధారణం. మూత్రం మొదలు కావడానికి ఆలస్యం, ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, ముగిసిన తరువాత కూడా చుక్కలు పడటం దీని లక్షణాలు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు కనుక త్వరగా నిండుతుంది. ఇది క్యాన్సర్ కాదు, మందులతో చాలామందికి ఉపశమనం కలుగుతుంది. అయితే రెండు జబ్బుల లక్షణాలూ పోలి ఉండవచ్చు కనుక పరీక్ష అవసరం. ఈ సమస్య ఉన్నవారు జలుబు మాత్రలు అడిగి కొనుక్కునేటప్పుడు జాగ్రత్త వహించాలి. వాటిలోని కొన్ని మందులు మూత్రాన్ని పూర్తిగా బిగబట్టగలవు.

స్త్రీల బాధ మరింత మౌనంగా సాగుతుంది. కాన్పుల వల్ల కటి అడుగుభాగపు కండరాలు వదులవుతాయి. నెలసరి ఆగిన తరువాత హార్మోను తగ్గి మూత్రమార్గపు పొర పలుచబడుతుంది. గర్భసంచి జారడం కూడా ఒక కారణం. దగ్గినా తుమ్మినా మూత్రం పడటం, ఆపుకోలేనంత తొందర కలగడం ‘ఆడవాళ్ళకు మామూలే’ అని భరించవలసినవి కావు. మూత్రాన్ని ఆపేందుకు ఏ కండరాలను బిగిస్తామో వాటిని, మూత్రవిసర్జన చేయని వేళల్లో, ఐదు సెకన్లు బిగించి ఐదు సెకన్లు వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడుమార్లు చేస్తే కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో ఫలితం కనిపిస్తుంది. తగ్గకపోతే స్త్రీల వైద్యురాలిని సంప్రదించాలి.

మంట, దుర్వాసన, పొత్తికడుపులో నొప్పి ఉంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మలబద్ధకం కూడా మూత్రాశయాన్ని నొక్కి పదేపదే లేపుతుంది.

రమజాను రాత్రులు, ఉజూ సందేహాలు

రమజానులో రోజుకు సరిపడే నీరంతా ఇఫ్తారు నుంచి సహరీ వరకు సుమారు పది గంటల్లో తాగుతాం. కనుక ఆ రాత్రులలో ఒకటి రెండు సార్లు అదనంగా లేవడం సహజం. పండుగ తరువాత కూడా తగ్గకుంటేనే ఆలోచించాలి. నీటిని పడుకోబోయేముందు ఒక్కసారిగా కాక, ఇఫ్తారు, తరావీహ్, సహరీల మధ్య పంచుకుని తాగితే మంచిది. షుగరు మందులు, నీరు పోయే మాత్రలు వాడేవారు కొన్ని వారాల ముందే వైద్యుని కలిసి మోతాదు, వేళలు సరిచేయించుకోవాలి.

చుక్కలు పడే సమస్య ఉన్నవారు ఉజూ నిలుస్తుందో లేదోనని మస్జిదుకు వెళ్ళడమే మానుకుంటారు, నీళ్ళు తాగడం మానుకుంటారు. ఇటువంటి వారికి ధర్మశాస్త్రంలో సడలింపులున్నాయి. తమ పరిస్థితిని నమ్మకమైన ఆలిమ్‌కు వివరించి విధానం తెలుసుకోవాలి. దానితోపాటు వైద్యమూ చేయించుకోవాలి.

ఈ రాత్రి నుంచే చేయదగినవి

నీళ్ళ మొత్తాన్ని తగ్గించవద్దు, వేళను మార్చండి. ఉదయం నుంచి సాయంత్రం వరకు తగినంత తాగి, పడుకునే రెండు మూడు గంటల ముందు నుంచి గొంతు తడుపుకునేంత మాత్రమే తీసుకోండి. గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారు వైద్యుడు చెప్పిన కొలత పాటించాలి. ఇషా తరువాత కప్పు టీ అలవాటు ఉంటే దానిని అసర్ వేళకు మార్చండి. టీ, కాఫీ, కూల్‌డ్రింకులలోని కెఫీన్ మూత్రాన్ని పెంచుతుంది, నిద్రనూ చెడగొడుతుంది. రాత్రిపూట పుచ్చకాయ, పెద్ద గ్లాసుడు మజ్జిగ కూడా నీళ్ళే. పడుకోబోయేముందు మూత్రవిసర్జన చేసి, రెండు నిమిషాలు ఆగి మరోసారి ప్రయత్నించండి.

రాత్రి మూత్రాన్ని తగ్గించే డెస్మోప్రెసిన్ వంటి మందును సొంతంగా కొని వాడరాదు. పెద్ద వయసులో అది రక్తంలోని సోడియంను ప్రమాదకరంగా పడవేయగలదు.

పడిపోకుండా కాపాడుకుందాం

ఈ సమస్యలో వెంటనే ప్రాణం మీదకు తెచ్చేది మూత్రం కాదు, చీకట్లో పడిపోవడం. నిద్రమత్తులో లేచిన పెద్దలు తడి బండల మీద జారి తుంటి ఎముక విరగగొట్టుకుని, ఆ తరువాత తిరిగి నడవలేకపోయిన ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. రక్తపోటు మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడేవారికి హఠాత్తుగా లేస్తే కళ్ళు తిరుగుతాయి. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, కాళ్ళు కదిపి, ఆసరా పట్టుకుని లేవాలి. మంచం నుంచి బాత్రూము వరకు చిన్న దీపం వెలుగుతూ ఉండాలి. దారిలో చాప, చెప్పులు, వైరు ఉండరాదు. ఉజూ చేసిన చోట నీరు తుడిచివేయాలి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి. బాత్రూము పెరట్లో ఉన్న ఇళ్ళలో పెద్దల మంచం పక్కనే మూత్రపు డబ్బాగానీ, కమోడు కుర్చీగానీ ఉంచాలి. పురుషులు కూడా రాత్రివేళ కూర్చునే విసర్జించడం క్షేమం.

ఆలస్యం చేయరాని సందర్భాలు

మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బినా, చలిజ్వరంతోపాటు నడుము పక్కన నొప్పి వచ్చినా, విపరీతమైన దాహంతో బరువు తగ్గుతున్నా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, కాళ్ళలో పట్టు తప్పి మర్మావయవాల చుట్టూ తిమ్మిరి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణులకు మూత్రంలో మంట, జ్వరం వచ్చినా అంతే.

మిగతావారు మూడు రోజుల పుస్తకాన్ని తీసుకుని కుటుంబ వైద్యుని వద్దకు వెళ్ళండి. రక్తపోటు, మూత్రపరీక్ష, షుగరు, క్రియాటినిన్, అవసరమైతే మూత్రం పోసిన తరువాత ఎంత మిగిలిందో చూసే స్కానింగ్‌తో చాలావరకు దారి తెలుస్తుంది.

ఇంటిలోని పిల్లలకు ఒక మనవి. పెద్దలు ఈ మాట తమంతట తాము చెప్పరు. తండ్రిని కొడుకు, తల్లిని కూతురు, అత్తగారిని కోడలు మర్యాదగా, ఏకాంతంగా అడగాలి. ‘రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?’ అన్న ఆ ఒక్క ప్రశ్న వల్ల ఎవరికీ తెలియకుండా ముదురుతున్న షుగరు బయటపడవచ్చు, ఒక తుంటి ఎముక విరగకుండా మిగలవచ్చు.